సెటిల్డ్ అని రాశారు

నా పేరు మీద ఉన్న అప్పు పక్కన ‘సెటిల్డ్’ అని రాసి ఉందని స్కూటర్ల షోరూం అతను చెప్పినప్పుడు నేను సంతోషించాను. మా వైపు ఆ మాటకు అన్నీ మంచి అర్థాలే. ఉద్యోగం వస్తే సెటిలయ్యాడంటారు. పిల్ల పెళ్లయితే సెటిలైందంటారు. పొలం గట్టు తగాదా తెగినా సెటిల్ చేసుకున్నారనే అంటారు.

“అయితే లోన్ వచ్చినట్టేనా?” అని అడిగాను.

అతను కంప్యూటర్ తెర మీంచి తల ఎత్తకుండానే, “లేదు మేడమ్. గట్ల ఉంటేనే రాదు. సెటిల్డ్ అంటే మొత్తం కట్టకుండ, బేరమాడి తప్పించుకున్నరని లెక్క. అప్పులెట్ల కట్టిండ్రో చూపే మీ క్రెడిట్ స్కోరు మస్తు కిందికి ఉంది. ఏ కంపెనీ ఇయ్యదు” అన్నాడు.

మెల్లగా చెప్పినా నాకు వినపడేది. పక్కన కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్న భార్యాభర్తలిద్దరూ చేతులు ఆపి నా వైపు చూశారు. ఆమె తన బ్యాగును కొంచెం దగ్గరికి లాక్కుంది. ఆమెకు ఆ సంగతి తెలియకుండానే చేసి ఉంటుంది. నేను మాత్రం చూశాను.

నేను దుమ్ముగూడెం, చర్ల మధ్య ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సుని. బస్సు తిరిగే రోడ్డు మీద కొన్ని ఊళ్లే ఉన్నాయి. మిగతా కోయ పల్లెలకు ఎవరి బండో ఎక్కి, కొంత నడిచి పోవాలి. బాలింతలను చూడడానికి, పిల్లల టీకాలకు అట్లా పోయి పోయి, సొంతంగా ఒక స్కూటర్ ఉంటే చాలనిపించింది. కొంత డబ్బు దాచుకున్నాను. మిగతాది వాయిదాల్లో కడదామని భద్రాచలం వచ్చాను.

బేరమాడి తప్పించుకున్నానన్నారే, ఆ సంగతి చెప్పాలి.

నా భర్తకు ట్రాలీ ఆటో ఉంది. సంతలకు సామాన్లు తోలుతాడు. చర్ల రోడ్డులో కల్వర్టు దగ్గర బండి బోల్తా పడి, తొడ ఎముక విరిగింది. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం. ఎముకలో వేసే రాడ్డు ఉచిత పథకం కిందికి రాదన్నారు. డబ్బు ఎట్లా అని నేను గోడకు ఆనుకొని నిలబడితే, మందుల దుకాణం పక్కనే ఇంకో కౌంటర్ చూపించారు. అక్కడ టై కట్టుకున్న ఒకతను కూర్చొని ఉన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు కంటే ముందు ఫైనాన్స్ మనిషి దొరికాడు. స్ట్రెచర్ మీద భర్త మూలుగుతుంటే, అతను చూపించిన చోటల్లా సంతకం పెట్టాను.

కొన్నాళ్లు వాయిదాలు సరిగానే కట్టాను. ఆ తర్వాత మా కాంట్రాక్టు వాళ్లకు జీతాలు ఆగిపోయాయి. అడిగితే బడ్జెట్ రాలేదన్నారు. నెల గడిచింది, ఇంకో నెల గడిచింది, డ్యూటీ మాత్రం ఆగలేదు. జీతం ఆలస్యంగా ఇచ్చింది వాళ్లు, మచ్చ పడింది నాకు.

ఫైనాన్స్ వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. ఒకరోజు ఒక కోయ పిల్లకు కాన్పు చేస్తున్నాను. బిడ్డ తల కనిపిస్తోంది. బల్ల మీద పెట్టిన నా ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఎవరికో ఏదో అయి ఉంటుందని, కాన్పుల్లో సాయం చేసే మా ఆయమ్మ ఎత్తింది. ఎత్తి విని, ముఖం మాడ్చుకొని పెట్టేసింది. బిడ్డను తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టాక అడిగాను.

“మీ సిస్టర్ దొంగ అని మీకు ఎరుకేనా అంటుండు” అంది ఆయమ్మ. “ఇంకా ఏందేందో అన్నడు. నా నోటితోని చెప్పలేను సిస్టరూ.”

నేను తిరిగి చేస్తే నాతోనూ అన్నాడు. అతనన్న మాటలు ఇక్కడ రాయను. రాస్తే ఈ కాగితం కూడా కడుక్కోవాల్సి వస్తుంది. పుట్టింట్లో మా అమ్మకు చేశాడు, మా డాక్టరుగారికి చేశాడు. కొన్ని వారాల తర్వాత అదే మనిషి గొంతు మార్చుకొని, “మేడమ్, మీ బాధ మాకూ అర్థమైతది. ఒక్కసారి కొంత కట్టండి, సెటిల్ చేసేస్తం. మళ్ల ఫోన్ రాదు” అన్నాడు. మా మామ మిర్చి అమ్మిన డబ్బు తెచ్చి కట్టాం. అతనికి నేను థాంక్స్ చెప్పాను. నన్ను అన్నన్ని మాటలన్నవాడికి ఎంతో మర్యాదగా థాంక్స్ చెప్పాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నోరు పుక్కిలించాలనిపిస్తుంది.

షోరూం అతను నన్ను ఉత్త చేతులతో పంపలేదు. ఖమ్మంలో తనకు తెలిసిన మనిషి ఒకడున్నాడనీ, పోయిన స్కోరును లేపుతాడనీ ఒక నంబరు ఇచ్చాడు. షోరూం అతనికి అందులో వాటా ఉంటుందని నాకు అప్పుడు తోచలేదు.

ఆ మనిషి ఆఫీసు ఎరువుల దుకాణం పైన ఉంది. మెట్లెక్కుతుంటే పురుగుల మందు వాసన. తలుపు తీస్తే దాని మీద అగరొత్తుల వాసన, ఆ రెండింటి మీదా సెంటు. గోడ నిండా దేవుళ్ల పటాలు, ప్రతి పటానికీ మిణుకుమిణుకుమనే లైట్లు. అతనికి ముప్పై దాటి ఉంటాయి. నన్ను చూడగానే లేచి నిలబడి కుర్చీ తుడిచాడు.

“కూర్చో అక్కా. మంచినీళ్లు తాగుతవా? అక్కా, స్కోరు పోయినోళ్లకు కార్డే మందు. క్రెడిట్ కార్డు తీసుకోవాలె, వాడాలె, కట్టాలె. గట్ల చేస్తే స్కోరు దానంతట అదే లేస్తది.”

“నాకు లోనే ఇయ్యనోళ్లు కార్డెట్ల ఇస్తరు?”

“ఇప్పించేటందుకే నేనున్న గదా అక్కా.”

మాటకు ముందో అక్క, వెనకో అక్క. సొంత తమ్ముడు కూడా నన్ను అన్నిసార్లు పిలవడు. ఫీజు తీసుకున్నాడు. ఆధార్, పాన్ తీసుకున్నాడు. నా ఫోటో తానే తీశాడు, కొంచెం నవ్వమని కూడా అన్నాడు. తర్వాత వారం పాటు ఫోన్ చేసి ఓటీపీలు అడిగాడు. మా ఆరోగ్య కేంద్రంలో సిగ్నల్ డాబా మీదనే వస్తుంది. వార్డులో పేషెంటును వదిలి, మెట్లెక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి అంకెలు చదివి చెప్పేదాన్ని. నా పేరు మీద ఆ వారంలో ఎన్ని కంపెనీలకు దరఖాస్తులు పెట్టాడో నాకు తెలియదు. దరఖాస్తు పెట్టి కాదనిపించుకున్న ప్రతిసారీ స్కోరు ఇంకా కిందికి పోతుందని కూడా తెలియదు.

చివరికి ఒక కార్డు వచ్చింది. నల్లగా మెరుస్తోంది. నేను ఇంకా ఒక్కసారి కూడా వాడకముందే బిల్లు వచ్చింది. చేరినందుకు ఫీజు, నేను అడగని బీమా, ఎప్పుడూ వినని ఏదో ఆరోగ్య క్లబ్బులో సభ్యత్వం, వీటన్నిటి మీదా పన్ను. ఇచ్చిందే చిన్న లిమిట్, అందులో పెద్ద భాగం వాళ్లే తినేశారు. నర్సుని నేను. నాకు ఆరోగ్య క్లబ్బు అమ్మారు.

అతనికి ఫోన్ చేశాను.

“గది కామన్ అక్కా. స్కోరు లేనోళ్లకు గట్లనే ఇస్తరు” అన్నాడు. జీతాలు మళ్లీ ఆగాయి, స్కూటర్‌కు దాచింది ముట్టుకోలేను, బిల్లు ఎట్లా కట్టాలన్నాను. అతను ఏమాత్రం తడుముకోలేదు. “ఖమ్మంల మనోళ్ల మొబైల్ దుకాణం ఉంది. కార్డు గీకితే క్యాష్ ఇస్తరు. ఆ క్యాష్ తోని బిల్లు కట్టు, మళ్ల గీకు. రొటేషన్ అంటరు. కమిషన్ పోతది, గంతే.”

వాడని కార్డుకు బిల్లు, ఆ బిల్లు కట్టడానికి అదే కార్డు గీకడం. వింటుంటేనే ఎంగిలి నీళ్లు తాగినట్టుంది. అయినా పోయాను. గడువు దాటితే మళ్లీ ఆ ఫోన్లు వస్తాయన్న భయమే తీసుకుపోయింది.

దుకాణం ముందర ఫోన్ కవర్లు, ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి. అసలు వ్యాపారం కర్టెన్ వెనక. అక్కడ ప్లాస్టిక్ స్టూళ్ల మీద కొందరు కూర్చొని ఉన్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడడం లేదు. మా దగ్గర సుఖవ్యాధులకు మందు కోసం వచ్చినవాళ్లు అట్లా కూర్చుంటారు, నేల చూస్తూ. మొదటి స్టూలు మీద తెల్లచొక్కా ముసలాయన, చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కార్డులు.

“పెద్దాయనా, ఇది ఎక్కుతలేదు. ఇంకోటి తియ్యి. జల్దీ” అన్నాడు దుకాణం అతను.

ఆయన ఇంకోటి తీసిచ్చాడు. పిన్ ఎంతని అతను అడిగితే, చెవులు సరిగా వినపడని వాళ్లు మాట్లాడినట్టు పెద్దగా, నాలుగు అంకెలూ అందరి ముందు చెప్పేశాడు. ఆ గొంతు నాకు తెలుసు. తిరుమలాయపాలెం దగ్గర మా హైస్కూల్లో లెక్కలు చెప్పిన సారు. మా తండా నుంచి హైస్కూలు దాకా వచ్చిన ఆడపిల్లలం కొద్దిమందిమే. చదువు మాన్పిస్తానని మా నాన్న అన్నప్పుడు సైకిల్ మీద తండాకు వచ్చి, మంచం మీద కూర్చొని, పంపిస్తానని ఒప్పుకునే దాకా లేవని మనిషి. ఆయన్ని ఆ దుకాణం అతను సారూ అని కాదు కదా, పేరు పెట్టి కూడా పిలవడం లేదు. డబ్బు లెక్కపెట్టి, కమిషన్ మినహాయించి, బల్ల మీదికి జార్చాడు.

ఆయన లేస్తూ నన్ను చూశాడు.

“నువ్వా బిడ్డా” అన్నాడు. ఎందుకొచ్చావని అడగలేదు.

నేను కార్డు బయటికి తీయలేదు. ఆయనతో పాటే బయటికి వచ్చాను. టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. ఆయన టీ తాగకుండా గ్లాసును అటూ ఇటూ తిప్పుతూ చెప్పాడు. రిటైరైన నెలలోనే కార్డుల వాళ్లు ఇంటికి వచ్చారట. శాలువా కప్పి, ఫోటో దిగి, కార్డు ఇచ్చిపోయారట. ఇంటి మీద ఇంకో గది వేస్తూ ఇనుము, సిమెంటు దాంతో కొన్నాడు. ప్రతి నెలా బిల్లులో కొద్ది భాగం, ‘మినిమం’ అంటారే, అది కడితే చాలన్నారు. కట్టాడు. అది నిండితే ఇంకో కార్డు ఇచ్చారు, దాంతో దీనికి కట్టాడు. ఇప్పుడు ఒకటి రెండు వాయిదాలు తప్పాయి. స్కోరు పోయింది, మంచి కార్డులేవీ రావు. వచ్చేవన్నీ నాకు వచ్చినదానిలాంటివే.

“చక్రవడ్డీ నేనే చెప్పిన గదా మీకు” అన్నాడు. “నా బిల్లు మీద అది కనబడలే బిడ్డా. మినిమం అన్న మాట ఒక్కటే కనబడ్డది.”

“అమ్మగారికి తెలుసా సార్?”

“తెల్వదు. చెప్పకు.”

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ, ఆ శాలువా కప్పిన చేతులే కళ్లముందు మెదిలాయి. ముందు శాలువా కప్పుతారు. ఆ తర్వాత ఆ శాలువాతోనే మెడ బిగిస్తారు. నా కార్డును కిటికీలోంచి బయటికి విసిరేద్దామనుకున్నాను. విసిరినా బిల్లు వస్తూనే ఉంటుందని ఆగాను.

నా జీతం ఖాతా భద్రాచలంలో ఒక బ్యాంకులో ఉంది. మరుసటి సెలవు రోజున, సారుకు కూడా ఏదైనా దారి దొరుకుతుందేమోనని అక్కడికి పోయాను. లోన్ల సీటులో సత్తుపల్లి వైపు మాట మాట్లాడే ఒకామె కూర్చొని ఉంది. నవ్వలేదు. అక్కా అనలేదు, మంచినీళ్లు కావాలా అని అడగలేదు. అందుకే ఆమెను నమ్మాను.

“ఎవరు పెట్టమన్నారమ్మా ఇన్ని దరఖాస్తులు?” అంది తెర చూసి. “ముందు ఆ నల్ల కార్డు బిల్లు మొత్తం కట్టి క్లోజ్ చెయ్యి. క్లోజ్ చేసినట్టు రాతపూర్వకంగా తీసుకో. రెండోది, ఆ ఫైనాన్స్ వాళ్లు మాఫీ చేసిన మిగతాది కట్టి, బాకీ లేదని కాగితం తెచ్చుకో. అప్పుడు సెటిల్డ్ పోయి క్లోజ్డ్ అని పడుతుంది.”

“నాకు మళ్ల కార్డు ఎవరిస్తరు మేడమ్?”

“నీ డబ్బు మీద నీకే ఇస్తాం. ఫిక్సెడ్ డిపాజిట్ వెయ్యి. దాన్ని పట్టుకుని, దానికంటే కొంచెం తక్కువ లిమిట్‌తో కార్డు ఇస్తాం. స్కోరు అడగం. నువ్వు కట్టకపోతే డిపాజిట్‌లో కోసుకుంటాం, అంతే. లిమిట్ ఉంది కదా అని నిండా వాడొద్దు. మూడో వంతు కూడా దాటొద్దు. బిల్లు వస్తే మొత్తం కట్టు. మినిమం అని ఉంటుంది, అటు చూడకు.”

“సంవత్సరానికి ఫీజు ఎంత?”

ఆమె మొదటిసారి నా ముఖంలోకి చూసింది. “అడగాల్సింది అదే. ఈ కార్డుకు లేదు. ఏ కార్డు తీసుకున్నా సంతకం కంటే ముందు అది అడుగు.”

స్కూటర్ కోసం దాచిన డబ్బు డిపాజిట్ వేశాను. ఇంటికొచ్చి నా భర్తకు చెప్పాను.

“మన పైసలు బ్యాంకుల పెట్టి, మన పైసలనే మనం అప్పు తెచ్చుకుంటున్నమా?”

“అవ్.”

“మళ్ల మనమే కట్టాల్నా?”

“అవ్.”

“ఇదేం లోకమే” అని విరిగి అతికిన కాలు చాపుకొని పడుకున్నాడు. అది నాకూ అసహ్యంగానే ఉంది. నమ్మకమైనదానివని అనిపించుకోవడానికి నా డబ్బునే తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

నల్ల కార్డు మూయించడం కాన్పు చేయించడం కంటే కష్టమైంది. జీతాలు వచ్చిన వెంటనే బిల్లు మొత్తం కట్టేశాను. డాబా ఎక్కి ఫోన్ చేస్తే పాట వినిపిస్తారు. ఎవరో ఎత్తి, ఎందుకు మూసేస్తున్నారు మేడమ్, మీకు ఇంకా పెద్ద కార్డు ఇస్తామంటారు. వద్దంటే పైవాళ్లకు కలుపుతామని మళ్లీ పాట. ఎండలో నిలబడి, కిందనుంచి ఆయమ్మ పిలుస్తుంటే, వద్దు వద్దు అని చెప్పీ చెప్పీ చివరికి మూయించాను.

ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఇంకో విచిత్రం. జీతం బకాయిల్లో మిగిలింది పట్టుకొని, ఖమ్మంలో వాళ్ల ఆఫీసుకు పోయి మిగతా డబ్బు కడతానంటే, అక్కడి మనిషి నన్ను వింతగా చూశాడు.

“ఎందుకు కడుతున్నరు మేడమ్? సెటిల్ అయిపాయె గదా.”

“మీరు నన్ను దొంగ అని కాన్పు గదిల దాకా ఫోన్ చేసిండ్రు గదా. అందుకే కడుతున్న” అన్నాను.

అతను కాగితం మీద ముద్ర వేసి ఇచ్చాడు. పెన్ను అతని చేతి నుంచి నా చేతికి మారినప్పుడు వేళ్లు తగిలాయి. బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను. రోజూ రక్తం, చీము ముట్టుకునే చేతులు నావి. ఆ రక్తానికీ చీముకూ ఎప్పుడూ నాకు రోత కలగలేదు.

కొత్త కార్డుతో నా భర్త ట్రాలీకి పెట్రోల్ కొట్టించేదాన్ని, మా అత్తమ్మ బీపీ మందులు కొనేదాన్ని. ఇంకేమీ లేదు. బిల్లు మెసేజ్ రాగానే మొత్తం కట్టేసి డాబా దిగేదాన్ని. మనసులో ప్రతిసారీ, ఏదో దొంగ పనిలో దొరికిపోతానేమోనన్న భయం. నిజాయితీగా బతికేవాళ్లను కూడా అట్లా నేల చూపులు చూసేలా చేస్తుంది ఆ స్కోరు.

ఇదంతా నడుస్తుండగానే సారుకు ఫోన్ చేశాను. పెన్షన్ మీద తక్కువ వడ్డీకి లోన్ ఇస్తారట, దాంతో ఎక్కువ వడ్డీ కార్డులు ముందు మూసేయొచ్చట అని బ్యాంకు ఆమె చెప్పినది చెప్పాను. సంతకానికి ఇంట్లోవాళ్లూ కావాలన్నారని కూడా చెప్పాను. ఆయన ముందు ఆ లోను వడ్డీ ఎంతో అడిగాడు. తర్వాత, “నువ్వు ఆదివారం ఇంటికి రా బిడ్డా. నువ్వుంటే చెప్తా” అన్నాడు.

పోయాను. అమ్మగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. సారు ఎదురుగా కుర్చీలో కూర్చొని, మాకు పాఠం చెప్పినట్టు మొదటి నుంచి చెప్పాడు. ఆమె చేతిలో పని ఆపలేదు. అంతా విని, “ఫోన్ వస్తే ముఖం తిప్పుకొని బయటికి పోతుంటివి. నేను ఎవరో ఆడామె అనుకుంటున్న ఇన్నొద్దులు” అన్నారు.

సారు ముందు బిత్తరపోయాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, “ఆడామె అయితే ఒక్కతే ఉండేది. ఇవి ఎన్ని?” అని చెయ్యి చాపారు. ఆయన ప్లాస్టిక్ సంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

పెన్షన్ లోన్ అన్నింటికీ సరిపోలేదు. ఎక్కువ వడ్డీ ఉన్నవి మూశారు. మిగిలినదాని కోసం, ఆ కార్డుతోనే కట్టిన పైగదిని కిరాయికి ఇచ్చి, తాము కిందనే సర్దుకున్నారు. సారు పొద్దున పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాడు. దుకాణం అతను ఇంకా ఫోన్ చేసి, “పెద్దాయనా, వస్తలేవేంది?” అని అడుగుతాడట.

సెటిల్డ్ పోయి క్లోజ్డ్ అని పడింది, నా స్కోరు మెల్లగా లేచింది. ఏడాది దాటాక అదే షోరూంలో లోన్ వచ్చింది. అతను మిఠాయి ముక్క చేతిలో పెట్టి కంగ్రాట్స్ మేడమ్ అన్నాడు. తీసుకొని, బయట కాకులకు వేశాను. ఆ వారమే ఎరువుల దుకాణం పై మనిషి నుంచి ఫోన్ వచ్చింది.

“అక్కా, స్కోరు మంచిగైంది గదా. నేను చెప్పిన గదా. బ్యాలెన్స్ ఫీజు ఉంది, జర చూడు. ఇంకో కార్డు కూడా రెడీ ఉంది నీకు.”

ఆ గొంతులో సిగ్గు కోసం వెతికాను. ఎక్కడా లేదు. నా స్కోరు ఎంతుందో నీకెట్లా తెలిసిందని అడిగితే మాత్రం ఫోన్ పెట్టేశాడు. నా కాగితాలు ఇంకా ఆ దేవుళ్ల పటాల కింద సొరుగులో ఉన్నాయి. అడిగినా ఇవ్వలేదు. చింపేశానంటాడు.

మొన్న స్కూటర్ మీద భద్రాచలం వచ్చి, అక్కడి నుంచి బస్సులో ఖమ్మం పోయి సారు వాళ్లను చూశాను. అన్నం తినేసి పొమ్మన్నారు. పచ్చిపులుసు, చిక్కుడుకాయ కూర. తింటుండగా ఆయన ఫోన్ మోగింది. సారు లేవబోతే అమ్మగారు ఎడమచేత్తో ఫోన్ అందుకున్నారు.

“ఆయనకు వద్దు బాబూ. నాకూ వద్దు. లిమిట్ పెంచుడు కూడా వద్దు” అని పెట్టేసి, నా కంచంలో ఇంకొంచెం కూర వేశారు.

అది ఇంకో రెండుసార్లు మోగింది. మేమెవరం లేవలేదు.